పదో మెట్టు మీద జారేవాడు

జూలై నెలలో ఒక బుధవారం, పగలు పదకొండు గంటల నలభై నిమిషాలకు, పోలీసు క్యాంపు గేటు ముందు ట్రాక్టర్ ట్రాలీలోంచి దిగాను. చర్ల దాటాక కొంత దూరం రోడ్డు ఉంది. ఆ తర్వాత రోడ్డు వేస్తామన్న మాట ఉంది. ఆఖరి ఆరు కిలోమీటర్లకు గంటన్నర పట్టింది. వాన ఆగలేదు.

వీపు మీద ఇరవై రెండు కిలోలు. రెండు జతల యూనిఫాం, దోమతెర, వానకు కప్పుకునే పొంచో, మెస్ టిన్, నీళ్ల సీసా, మా అమ్మ పెట్టిన ఉసిరికాయ తొక్కు డబ్బా. చేతిలో రైఫిల్. తొక్కు డబ్బా దారిలోనే కారింది. మొదటి వారం అంతా నా వెనక నడిచినవాళ్లకు ఆకలి వేసేది.

క్యాంపు అంటే బడి ఆటస్థలం అంత జాగా. చుట్టూ మూడు వరసల ముళ్లతీగ. ఎవరైనా తాకితే మోగాలని తీగకు ఖాళీ సీసాలు కట్టారు. ఎక్కువగా గాలే తాకేది. కాపలాకు ఇసుక బస్తాల మోర్చాలు ఆరు. రేకుల బారక్ ఒకటి. వైర్‌లెస్ గది మాత్రం యాంటెన్నా కోసం మట్టిదిబ్బ మీద కట్టారు. క్యాంపులో ఎత్తుగా ఉన్నది అదొక్కటే. తీగ అవతల వాగు. వాగు అవతల రెండు వందల యాభై మీటర్లలో కోయగూడెం, ఇరవై ఇళ్లు. దాని వెనక టేకు, ఇప్ప, తునికి, ఆపైన ఛత్తీస్‌గఢ్. అటువైపు ఉండేవాళ్లను మేం పేరు పెట్టి పిలిచేవాళ్లం కాదు. అవతలివాళ్లు అనేవాళ్లం. వాళ్లూ మమ్మల్ని అలాగే అనుకుని ఉంటారు.

మా సెక్షన్ కమాండర్ మధిర వైపు మనిషి. నలభై ఆరేళ్లు. గొంతు పెంచడు. నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"ఏ ఊరు అబ్బాయ్?"

"కారేపల్లి సార్."

"గేటు ఎన్నింటికి దాటావు?"

"పదకొండు నలభైకి సార్."

"రేపు అదే టైముకి ఆ గేటు దగ్గర కనిపించకు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ ఏ పనీ రోజూ ఒకే టైముకి చేయొద్దు. స్నానం, టీ, చెంబు పట్టుకుని పోవడం, ఏదైనా సరే. గడియారంలా తిరిగేవాణ్ణి పట్టుకోవడం తేలిక."

"చెంబు టైము నా చేతిలో లేదు సార్."

ఆయన నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో తర్వాత తెలిసింది. పాత పోస్టింగులో ఆయన బ్యాచ్‌మేట్ ఒకడు రోజూ ఉదయం ఆరుంపావుకు ఒకే బోరింగు దగ్గరికి స్నానానికి వెళ్లేవాడు. పదకొండో రోజు ఆ బోరింగు దగ్గర బాంబు అతని కోసం ఎదురుచూసింది. ఆ సంగతి విన్నాక ఆ విషయం మీద జోకులు మానేశాను. మిగతా విషయాలు చాలానే మిగిలాయి.

క్యాంపులో రెండు సెక్షన్లు. మాది రెండోది. పన్నెండు మందిమి. ఒక సెక్షన్ కాపలా ఉంటే ఇంకోటి అడవిలోకి వెళ్లేది, రెండు మూడు రోజులు. నడిచేటప్పుడు ప్రతి మనిషికీ నంబరు ఉంటుంది. ఒకటో నంబరు ముందు నడిచి దారి చూసే స్కౌట్. నాలుగు కమాండర్. ఐదు వైర్‌లెస్ సెట్టు మోసేవాడు. ఏడు మెడిక్. పది నేను. ఇందులో లోతైన అర్థమేమీ లేదు. నేను వెళ్లేసరికి ఖాళీగా ఉన్నది పది.

వైర్‌లెస్ ఆపరేటర్‌ది ఖమ్మం టౌను. వాళ్ల నాన్న హార్మోనియంలు, పెళ్లి బ్యాండు బాకాలు బాగుచేస్తాడు. తాతదీ అదే పని. మేమందరం అతన్ని భాయ్ అనేవాళ్లం. భాయ్ అడవిలోకి రాడు, సెట్టు దగ్గరే ఉంటాడు. పర్మిషన్ రాయించుకుని ఒక నల్ల ఎలక్ట్రిక్ గిటారు, టిఫిన్ డబ్బా అంత స్పీకరు తెచ్చుకున్నాడు. రైఫిల్ తుడిచే గుడ్డతోనే తీగలు తుడిచేవాడు. వానాకాలంలో రెండిటికీ ఒకే తుప్పు.

ఆగస్టులో ఒక సాయంత్రం వెళ్లి అడిగాను.

"భాయ్, నాకు లీడ్ నేర్పవా?"

"మూడు నాలుగు తీగలు కలిపి నొక్కే కార్డ్స్ వచ్చునా?"

"రావు."

"మరి ఒక్కసారే లీడ్ ఏందిరా?"

"బ్యాండ్ల ముందు నిలబడేది లీడ్ గిటారోడే గద."

"ముందు నిలబడాలంటే స్కౌట్‌ను అడుగు. ఆయన రోజూ ముందే నిలబడతడు, ఎవరూ చప్పట్లు కొట్టరు."

అప్పుడు అసలు సంగతి చెప్పాను. ఖమ్మంలో డిగ్రీ చదివేటప్పుడు మా కాలేజీలో ఒక బ్యాండు ఉండేది. మూడేళ్లు అందులో ఉన్నాను. నా పని స్పీకర్ బాక్సులు మోయడం. ప్రోగ్రాం అయ్యాక మళ్లీ మోయడం. వేదిక మీద నిలబడి ఒక్క లీడ్ వాయించాలని అప్పటినుంచి ఉంది. పెద్ద కోరిక కాదు. ఉద్యోగంలో చేరేటప్పుడు దేశం గురించి చెప్పాను గానీ దీని గురించి చెప్పలేదు.

భాయ్ నవ్వలేదు. గిటారు నా ఒళ్లో పెట్టాడు.

"సరే. స్కేలుతోని మొదలు. లావు తీగ మీద ఐదో గడి, ఎనిమిదో గడి. తర్వాత మూడు తీగల మీద ఐదు, ఏడు. ఆఖరు రెండు సన్న తీగల మీద మళ్ల ఐదు, ఎనిమిది. ఎన్నయినయ్?"

లెక్కపెట్టాను. "పన్నెండు."

"మీ సెక్షనే అనుకో. ఒకటో నంబర్ కాన్నుంచి పన్నెండు దాక ఎక్కాలె. పన్నెండు కాన్నుంచి ఒకటి దాక దిగాలె. ఎవన్నీ వదిలిపెట్టొద్దు. ఉరకొద్దు. ఒకని కాలు భూమి మీద పడ్డంకనే ఇంకొకని కాలు లేవాలె."

"పాట ఎప్పుడు?"

"ముందు లైన్ల నడువు."

పాఠానికి టైము కూడా భాయే చెప్పాడు. అతను ఐదింటికి కంట్రోల్‌కు రిపోర్టు పంపుతాడు. ఆరింటికి మళ్లీ పంపుతాడు. ఆ మధ్యనే ఖాళీ. "ఐదుంపావుకు రా. రోజూ రా. క్యాంపుల ఉన్న ఒక్క రోజు తప్పినా మళ్ల మొదటికొస్తవ్. వేలికి టైము అలవాటు కావాలె, అన్నం లెక్క."

ఇద్దరు గురువులు, రెండు సూత్రాలు. ఒకాయన రోజూ ఒకే టైముకు ఏదీ చేయొద్దన్నాడు. ఇంకొకాయన రోజూ ఒకే టైముకు చేయమన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డమని నాకు నాలుగు నెలల దాకా తట్టలేదు. రైఫిలూ గిటారూ నా బుర్రలో వేరు వేరు గదుల్లో ఉండేవి. మధ్యలో తలుపు లేదు.

సెప్టెంబరు అంతా ఎడమచేతి వేళ్ల చివర్లు పొక్కులు. అక్టోబరుకు అవి గట్టిపడ్డాయి. ట్రిగ్గరు తాకితే తెలిసేది కాదు, అందుకని కుడిచేత్తో కాల్చడం దేవుడి దయ అనుకున్నాను. నవంబరు నాటికి పన్నెండు స్వరాలూ ఎక్కి దిగుతున్నాను. ఒక్కటి తప్ప.

నా ఎడమచేతి చిటికెన వేలు వంకర. ఎనిమిదో తరగతి సెలవుల్లో మిర్చి బస్తాలు ఎత్తుతుంటే కొక్కెం దిగింది. రెండో స్వరానికీ ఆ వేలే కావాలి గానీ అక్కడ తీగ లావు, కదలదు. పదో స్వరం దగ్గర తీగ సన్నం. వంకర వేలు దాన్ని నొక్కకుండా పక్కకు తోసేది. స్వరం కుయ్యిమని మూలిగి ఆగిపోయేది. ఎక్కేటప్పుడు ప్రతిసారీ. దిగేటప్పుడు ఎందుకో బాగానే వచ్చేది. పన్నెండో స్వరానికీ అదే వేలు, అక్కడ ఎలా తప్పించుకునేవాణ్ణో ఇప్పటికీ తెలియదు.

"పదో నంబరు మళ్ల జారిండు," అనేవాడు భాయ్.

"పదో నంబర్ నేనే భాయ్."

"అందుకే."

నెలకు రెండుసార్లు మా మెడిక్ గేటు బయట టార్పాలిన్ కట్టి గూడెం వాళ్లకు మందులిచ్చేవాడు. ఆ రోజు కూడా మారుతూ ఉండేది. వాళ్ల జబ్బులు మా రూలు ప్రకారం రావాలి. డిసెంబరు మొదట్లో ఒక గురువారం, ఉదయం తొమ్మిదికి నేను టార్పాలిన్ దగ్గర కాపలా. మోకాళ్ల నొప్పులకు మందు తీసుకోవడానికి ఒక ముసలవ్వ వచ్చేది. సన్నగా, వెదురు కట్టెలా ఉండేది. మాత్రలు కొంగున కట్టుకుని నా ముందు ఆగింది.

"మొన్న, నిన్న నువ్వు అడవిల ఉన్నవ్ గద పిల్లగా."

"ఎవరు చెప్పిన్రు అవ్వా?"

"ఎవరు చెప్పాలె? నీ మెట్లు మోగలే."

"ఏం మెట్లు?"

ఆమె చెయ్యి గాలిలో ఒక్కో మెట్టూ ఎక్కింది. పైదాకా వెళ్లి ఒకచోట జారింది. సర్దుకుని ఇంకో రెండు ఎక్కింది. తర్వాత దిగింది. నేను నాలుగు నెలలుగా చేస్తున్నదాన్ని ఎవరైనా చేసి చూపించడం అదే మొదటిసారి.

"పొద్దు గూకంగ మోగుతది. అది మోగితె మేం కట్టెల మోపు ఎత్తుకుంటం. మా కోడలు పొయ్యి ముట్టిస్తది."

"మోగకపోతే?"

"మోగకపోతె మీ పన్నెండు మంది పొయినట్టు. ఊరందరికెరికే."

ఆమె వెళ్లిపోయింది. ఎండ బాగానే ఉంది. నేను అక్కడే నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టాను. నా స్కేలు వినిపిస్తే రెండో సెక్షన్ క్యాంపులో ఉన్నట్టు. వినిపించకపోతే అడవిలో ఉన్నట్టు. గూడేనికి ఎరుకైనది గూడెంలోనే ఆగదు. నాలుగు నెలలుగా, జీతం లేకుండా, అవతలివాళ్లకు మా డ్యూటీ చార్టు చదివి వినిపిస్తున్నాను. అదీ స్పీకరు పెట్టి.

వెంటనే వెళ్లి కమాండర్‌కు చెప్పాలి. చెప్పలేదు.

కారణం చిన్నది. ఆ సాయంత్రం భాయ్ నాకు మొదటి లీడ్ ముక్క నేర్పుతానన్నాడు. "స్కేలంటే దారి తెలుసుకునుడు. లీడ్ అంటే దారి తప్పినట్టు నడిచి టైముకు ఇంటికొచ్చుడు," అన్నాడు ముందురోజు రాత్రి, మేం అడవినుంచి తిరిగి రాగానే. చెప్తే గిటారు పెట్టెలోకి పోతుంది. ఒక్క రోజు. రేపు చెప్తాను. నాలుగు నెలల్లో ఏమీ కాలేదు, ఒక్క రోజులో ఏమవుతుంది అనుకున్నాను. ఐదుంపావుకు వెళ్లాను. నాలుగు స్వరాల ముక్క నేర్చుకున్నాను. దానికి పదో స్వరం అక్కర్లేదు. చాలా బాగా వచ్చింది.

అర్ధరాత్రి దాటాక అనుకోని ఆర్డరు వచ్చింది. ఉదయం నాలుగు నలభై ఐదుకు లైన్లో నిలబడ్డాం. మనిషికి రెండు రోజుల తిండి, మూడు లీటర్ల నీళ్లు. లైన్లో ఎవరూ మాట్లాడకూడదు. అది నాకు బాగా కలిసొచ్చింది.

తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు వాగు మీది చప్టాకు నలభై అడుగుల ముందు స్కౌట్ పిడికిలి ఎత్తాడు. అందరం కూర్చున్నాం. అతను అరచెయ్యి కిందికి చూపాడు. అందరం పడుకున్నాం. చప్టా పక్క పొదలోంచి దారికి అడ్డంగా సన్నని వైరు.

సెట్టు మోసేవాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మెల్లగా చెప్పడం వినిపించింది. "క్యాంప్, రెండో సెక్షన్ మాట్లాడుతున్న. చప్టా కాడ వైరు. ఆగినం. ఓవర్."

"రెండు, కదలొద్దు. చూసుకుని చెప్పున్రి. ఓవర్." భాయ్ గొంతు. నిన్న సాయంత్రం నన్ను మెచ్చుకున్న గొంతే.

అలా మూడుంపావు గంటలు పడుకున్నాం. బురద మీద, మొహం ఎడమవైపు తిప్పి. నా మోచేతి కింద ఎర్రచీమల పుట్ట. వాటికి యుద్ధ నియమాలు తెలియవు. నాకు ముందు తొమ్మిది మంది, వెనక ఇద్దరు. ముందున్నవాళ్ల బూట్ల అడుగులు కనిపిస్తున్నాయి. ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. మెడిక్‌కు రెండేళ్ల కూతురు. సెట్టు మోసేవాడికి పెళ్లి కుదిరింది. ఈ వైరు నేను వాయించిందే అనుకున్నాను. నిన్న పొద్దున చెప్పి ఉంటే ఇవాళ వేరే దారిలో వెళ్లేవాళ్లం. నాలుగు స్వరాల ముక్క కోసం. ఇలాంటప్పుడు నాకు ఏదో ఒక జోకు తడుతుంది. ఆ రోజు తట్టలేదు. చాలాసేపు వెతికాను.

స్కౌట్ పొట్ట మీద పాక్కుంటూ వైరు వెంట వెళ్లాడు. పన్నెండు ముప్పై ఐదుకు లేచి నిలబడ్డాడు. చేతిలో వైరు కొస ఉంది. సైకిలు బ్రేకు వైరు. అడవిపందికి పెట్టిన ఉచ్చు. దానికి నాలుగు పంది వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

"పంది తెలివైంది," అన్నాడు స్కౌట్. "వచ్చింది, చూసింది, మూడు గంటలు పండుకోకుండ పక్కకెల్లి పొయింది."

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. అక్కడే, చప్టా పక్కన, కమాండర్ దగ్గరికి వెళ్లి అవ్వ మాట మొత్తం చెప్పాను.

ఆయన చీమలు దులుపుకుంటూ విన్నాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"నిన్న పొద్దున సార్."

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

"గిటార్ తీసుకుంటరని సార్."

ఆయన మోచేతి మీది ఆఖరి చీమను తీసి పక్కన వదిలాడు. అరిచి ఉంటే బాగుండేది. తర్వాత దారి మార్చి నడవమని స్కౌట్‌కు చెప్పాడు. రెండు రోజులూ నాతో మాట్లాడలేదు.

క్యాంపుకు వచ్చాక పిలిచాడు. టీ గ్లాసు చేతిలో ఉంది.

"నేను సాయంత్రం టీ ఎన్నింటికి తాగుతాను?"

"ఐదుంపావుకు సార్." చెప్పాక నాకు అర్థమైంది.

"నువ్వు మొదలుపెట్టగానే గ్లాసు తీసుకుంటాను. నాలుగు నెలల నుంచి. వచ్చిన ప్రతివాడికీ గడియారంలా ఉండొద్దని చెప్పేది నేనే. నా చెవుల ముందే మోగుతుంటే నాకూ తట్టలేదు." గ్లాసు కింద పెట్టాడు. "నీకు పదిహేను రోజులు డబుల్ సెంట్రీ. అది గిటారుకు కాదు, ఆ ఒక్క రోజుకి. అర్థమైందా?"

"అయింది సార్. గిటార్ పెట్టెల పెట్టమంటరా?"

"ఇప్పుడు ఆపితే అది ఇంకా పెద్ద కబురు. ఇకమీద రోజూ మోగాలి. నువ్వు ఉన్నా, లేకపోయినా. నువ్వు అడవిలో ఉన్నప్పుడు భాయ్ వాయిస్తాడు."

మంచి ప్లాను. మరుసటి వారం మేం అడవిలో ఉన్న రెండు రోజులూ భాయ్ ఐదుంపావుకు స్కేలు వాయించాడు. తర్వాతి మందుల రోజు అవ్వ వచ్చింది. ఈసారి నేను గేటు లోపలే ఉన్నాను. కమాండర్ కూడా ఉన్నాడు.

"నువ్వు లేనప్పుడు ఎవడో మోగిస్తున్నడు పిల్లగా."

"నేనే అవ్వా."

"నువ్వైతె పదో మెట్టు మీద జారతవ్. వాడు జారలే. మంచిగ ఎక్కిండు. అంత మంచిగ ఎక్కితె మనసుకు పట్టలే."

కమాండర్ నా వైపు చూశాడు. భాయ్ దిబ్బ మీదినుంచి చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. ఆ సాయంత్రం ఆర్డరు వచ్చింది. అది కాగితం మీద ఎక్కడా లేదు గనుక ఇక్కడ రాస్తున్నాను. ఒకటి: ఆపరేటర్ పదో స్వరం జారడం నేర్చుకోవాలి. రెండు: నేను దాన్ని సరిచేసుకోకూడదు.

"ఎప్పటిదాకా సార్?"

"ఇక్కడ ఉన్నన్నాళ్లు. ఆ తప్పు ఇప్పుడు నీ సొంతం కాదు అబ్బాయ్. సెక్షన్‌ది."

తప్పు చేస్తే శిక్ష వేయడం అన్నిచోట్లా ఉంది. తప్పు దిద్దుకుంటే శిక్ష అన్నది నా ఒక్కడికే వచ్చింది. మూడేళ్లు స్పీకర్లు మోసినవాడికి, నాలుగు నెలలు వేళ్లు కాల్చుకున్నవాడికి, ఇంకా తొమ్మిది నెలలు అదే మెట్టు మీద జారమని ప్రభుత్వ ఆజ్ఞ.

భాయ్ కష్టం ఇంకా పెద్దది. సరిగ్గా వాయించే చేతికి తప్పు రాదు. కావాలని జారితే అది జారినట్టు ఉండదు, నటించినట్టు ఉంటుంది. మూడు సాయంత్రాలు ప్రయత్నించి తల పట్టుకున్నాడు. చివరికి మెడిక్ గొంతు చూసే చెక్కపుల్లను సగం విరిచి, భాయ్ చిటికెన వేలికి పెట్టి, పట్టీ చుట్టాడు. వేలు వంకర తిరిగింది. తీగ పక్కకు పోయింది. స్వరం మూలిగింది.

"ఇంకొంచెం ఏడవాలె," అన్నాను.

"నువ్వు నాకు నేర్పుతున్నవారా?"

"నీకు రాదు గద భాయ్. ముందు లైన్ల నడువు."

పట్టీ వైపు చూసుకుంటూ అన్నాడు. "మా అబ్బ ఈ చేతికి ఇరవై ఏండ్లు నేర్పిండు. నువ్వు మూడు రోజుల్ల ఖరాబ్ చేసినవ్." కానీ విసుగు లేదు గొంతులో. ఆ రాత్రి బువ్వ దగ్గర నెమ్మదిగా అన్నాడు. "నీ లెక్క వాయించాలంటే నీ వేలు యాడ నొస్తదో తెల్వాలె. ఇన్ని రోజులు నేను చెవితోనే విన్న."

నేను మాత్రం ఆజ్ఞను సగమే పాటించాను. సెంట్రీ డ్యూటీలో రైఫిల్ ముందు కొయ్య మీద ఎడమచేతి వేళ్లతో స్కేలు నడిపేవాణ్ణి. శబ్దం లేదు గనుక నేరం లేదు. చిటికెన వేలిని నిటారుగా నిలబెట్టడానికి మణికట్టు కొంచెం ముందుకు తోయాలని అక్కడే తెలిసింది. మార్చికల్లా పదో స్వరం నా చేతికి వచ్చింది. ఎలా ఉంటుందో మాత్రం నేను వినలేదు. ఐదుంపావుకు గిటారు తీసుకుని, వచ్చిన వేలిని రానట్టు పెట్టి, జారేవాణ్ణి. జారడం కూడా ఒకటే పని. బాగా చేయాలంటే ప్రాక్టీసు కావాలి.

ఇప్పపువ్వు రాలే కాలంలో అవ్వ మళ్లీ వచ్చింది. నేను ముందే అడిగాను.

"ఇప్పుడు ఎట్ల మోగుతున్నది అవ్వా?"

ఆమె నన్ను చూసింది. దిబ్బ మీద చొక్కా ఉతుక్కుంటున్న భాయ్‌ను చూసింది. అతని వేలికి పట్టీ ఇంకా ఉంది.

"ఈ నడుమ నాకు చెవులు వినబడతలెవ్వు పిల్లగా. ఎవలన్న అడిగినా గదే చెప్తున్న."

పది అడుగుల అవతల మెడిక్ తన పెట్టెలోకి చూస్తూ, మాత్రలు ఎనిమిదే మిగిలాయని గొణుక్కున్నాడు. "ఎనిమిది చాలు, ఇటియ్యి," అంది అవ్వ.

అవతలివాళ్లు నిజంగా మా స్కేలు విన్నారా, దాన్నిబట్టి ఏమైనా అనుకున్నారా, మా ఎత్తు పారిందా, ఇవేవీ నాకు తెలియవు. మా సెక్షన్‌కు ఆ తొమ్మిది నెలల్లో ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే అక్కడ పని. దానికి మెడల్ ఉండదు.

సెప్టెంబరులో మాకు బదులు వేరే సెక్షన్ వచ్చింది. ఛార్జి అప్పగించేటప్పుడు అన్నీ చూపించి ఇస్తాం. మోర్చాలు ఆరు, దుర్బిణీలు రెండు, నీళ్ల డ్రమ్ములు తొమ్మిది. ఆఖరున కమాండర్ కొత్త పదో నంబరును దిబ్బ మీదికి పంపాడు. ములకలపల్లి పిల్లవాడు. గిటారు ఎప్పుడూ పట్టుకోలేదు.

"ఏం నేర్పుతున్రు అన్నా?" అని నన్ను అడిగాడు.

"పన్నెండు నేర్చుకో. పదకొండు మంచిగ నేర్చుకో," అన్నాను. భాయ్ పట్టీ చుట్ట బయటికి తీశాడు.

భద్రాచలంలో మధ్యాహ్నం రెండింటి బస్సు ఎక్కాను. వంతెన కింద గోదావరి ఎర్రగా ఉంది. ఖమ్మంలో దిగేసరికి సాయంత్రమైంది. ఆ తర్వాత రెండేళ్లకు మోకాలి లిగమెంటు తెగి ఉద్యోగం మానేశాను. దాన్ని తెంచింది అవతలివాళ్లు కాదు, వాలీబాల్. ఇప్పుడు మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్‌ని. ఎన్ని ఎన్‌కౌంటర్లు చూశావని అడుగుతారు. ఒక పంది ఉచ్చు అని చెప్తాను. నమ్మరు.

స్టోరేజీలో మొదటి జీతంతో గిటారు కొన్నాను. ఇంట్లో తలుపు వేసుకుని స్కేలు ఎక్కాను. పదో స్వరం శుభ్రంగా పలికింది. దాన్ని చెవితో వినడం అదే మొదటిసారి. బాగుంది. కూర్చుని కాసేపు విన్నాను. పోయినేడు మా స్టోరేజీ వార్షికోత్సవంలో వేదిక మీద ముందు నిలబడి చిన్న లీడ్ కూడా వాయించాను. ప్రోగ్రాం అయ్యాక స్పీకర్లు ఇంకెవరో మోశారు.

కానీ పదో స్వరం సరిగ్గా పలికిన ప్రతిసారీ, దాని వెనకాలే ఇంకోటి వినిపిస్తుంది.

అది ఆగస్టు నెలాఖరు. మా ఆఖరి పెట్రోలింగు. మూడు రోజుల తర్వాత తిరిగి వస్తున్నాం. క్యాంపు తీగకు మూడు వందల మీటర్ల దూరంలో టేకు వాలు మీద ఆగాం. లోపలికి రమ్మనేదాకా అక్కడ కూర్చోవాలి. వాన అప్పుడే ఆగింది. టేకు ఆకుల మీదినుంచి నీళ్లు కారుతున్నాయి. పన్నెండు మందిమి మోకాళ్ల మీద, బురదలో. సెట్టులో భాయ్ గొంతు వచ్చింది.

"రెండు, కొంచెం ఆగున్రి. ఐదుంపావు అయింది. పదో నంబరుకు చెప్పున్రి, ఆయన లోపల ప్రాక్టీస్ చేస్తున్నడని. ఓవర్."

తర్వాత దిబ్బ మీదినుంచి స్కేలు మొదలైంది. ఒకటి. రెండు. నేను అడవిలో బురదలో కూర్చుని, క్యాంపులో క్షేమంగా ఉన్న నన్ను వింటున్నాను. వాగు అవతల ఎవరో కట్టెల మోపు ఎత్తుకున్నారు. ఎనిమిది. తొమ్మిది. పదో స్వరం కుయ్యిమని మూలిగి జారింది, అచ్చం నాలాగే.

పదకొండు తలలు నా వైపు తిరిగాయి. అక్కడ నవ్వకూడదు, శబ్దం చేయకూడదు. ఎవరూ చేయలేదు. ఆ మసక వెలుతురులో తడిసిన భుజాలు మాత్రం కదిలాయి, ఒక్కొక్కటిగా, వెనకనుంచి ముందు దాకా. అందరికంటే ముందున్న స్కౌట్ వెనక్కి చూసి, పదకొండు మందినీ లెక్కపెట్టుకుని, బొటనవేలు ఎత్తాడు.